పరదేశపు కొండలు, మన కన్నులు

ఇటీవల మన పల్నాటి పట్టణములయందొక క్రొత్త వాడుక ప్రబలుచున్నది. ప్రత్తిబేరములవలనను మిరప వర్తకమువలనను నాలుగు రూకలు వెనుకవేసికొన్న గృహస్థులును, ఉద్యోగవిరమణ మొందిన దంపతులును, అమెరికాలో కొడుకో కూతురో కాపురముండు తల్లిదండ్రులును, వేసవి రాగానే గుంపులుగా చేరి, విదేశములలోని మంచుకొండలను, లోయలను, జలపాతములను, ఆయా ప్రభుత్వములు కాపాడుచున్న జాతీయోద్యానములను చూచుటకు బయలుదేరుచున్నారు. జనులు దీనిని ప్యాకేజీ టూరని వ్యవహరించుచున్నారు. ఒక్కసారి సొమ్ము చెల్లించినచో విమానము, బస, బస్సు, భోజనము, చూడవలసిన కొండ, చూడవలసిన గంట, సర్వమును ఒకరే నిర్ణయించి పెట్టుదురు. ఈ యాత్రలు మంచివా చెడ్డవా యని ఇంటింట తర్కము జరుగుచున్నది. పోయివచ్చినవారు మంచివనుచున్నారు; పోలేనివారు చెడ్డవనుచున్నారు. ఇరువురి వాదములోను కొండ ప్రసక్తి మాత్రము లేదు. కావున ఈ విషయమున మా యభిప్రాయమును చదువరుల ముందుంచుట కర్తవ్యమని తలచితిమి.

మొదట నొక మాట స్పష్టము చేయవలెను. మేము విదేశయాత్రకు విరోధులము కాము. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో మొదట లెక్కించినది. తరువాతి నిబంధనకారులు దానిని కలివర్జ్యములలో చేర్చి, ఓడనెక్కిన ద్విజుడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను వానిని పంక్తిలో చేర్చుకొనరాదనిరి. ఆ మాటలు పట్టుకొని చదువుకొరకు సీమకు పోయివచ్చిన యువకులను వెలివేసిన దినములను మన తాతలు చూచిరి. అయితే అదే కాలమున కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలకొలది తెలుగు కూలీలు బర్మాకు ఓడలెక్కిరి. నేటాలునకు, మారిషసునకు, ఫిజీకి, మలయాకు పోయి చెరకుతోటలలోను రబ్బరుతోటలలోను ఎముకలు అరగదీసికొనిరి. వారిని గూర్చి ఏ శాస్త్రి ఏ సూత్రమును ఉదాహరింపలేదు. పేదవాడు పొట్టకొరకు సముద్రము దాటినపుడు నిద్రించిన శాస్త్రము, కలిగినవాని బిడ్డ విద్యకొరకు దాటినపుడు మేల్కొన్నది! ఇట్టి శాస్త్రమునకు నేడు ఉత్తరక్రియలు జరిగినవి; అందులకు మాకు సంతోషమే.

ఆ పాత నిషేధము పోయి దాని స్థానమున మరియొక నిషేధము బయలుదేరినది. "మన ఊరిలో కొండ లేదా? ఆ కొండలు చూచుటకు అన్ని లక్షలు తగులబెట్టవలెనా?" అని అరుగులమీది పెద్దలు ఆక్షేపించుచున్నారు. దీనిని దేశభక్తి యని వారు తలచుచున్నారు. మేము దీనిని సోమరితనమనుచున్నాము. మన కొండను చూచినవాడే పరుల కొండను చూడగలడు, అది నిజము. కాని ఇట్లు ఆక్షేపించువారిలో మన వినుకొండ శిఖరమున రామలింగేశ్వరుని గుడిమెట్లు దాటి, ఆవలి రాతివంపులో ఏ చెట్టు మొలచినదో, ఏ పిట్ట గూడు కట్టినదో చూచినవా రెందరు? సీతాపహరణవార్తను రాముడు విన్న కొండ యగుటచే దీనికీ పేరు వచ్చినదని స్థలపురాణము చెప్పుదురు. అంతటితో కొండ ముగిసినది!

ఇక గుంపుగా పోవుటయే నీచమనువారు కొందరు కలరు. వారికి ఈ పద్ధతి పుట్టుక తెలియదు. గుంపుయాత్రలకు ఆద్యుడని ప్రసిద్ధిచెందిన టామస్ కుక్కు మద్యపాన నిషేధ ప్రచారకుడు. 1841 జూలై 5వ తేదీన ఇంగ్లండులోని లెస్టరునుండి లఫ్‌బరోకు, తలకొక షిల్లింగు చొప్పున, సుమారు అయిదువందలమందిని రైలులో తీసికొనిపోయెను. అది మద్యనిషేధ సభకు జరిగిన ప్రయాణము. సారాయి దుకాణమునకు పోవు కాలి నడకను మంచి గాలికి మరల్చవలెనని ఆతని యాశ. 1863లో ఆతడు స్విట్జర్లండు కొండలకు మొదటి గుంపును నడిపించెను. ఆ గుంపులో స్త్రీలును ఉండిరి. వారిలో జెమీమా మారెల్ అను నామె తాను చూచినదెల్ల దినచర్యగా వ్రాసికొనెను. అది నూరేండ్ల తరువాత 1963లో అచ్చుపడినది. ఒంటరిగా పోవుటకు ధనము చాలనివానికి, భాష రానివానికి, ఒంటరిగా పోనీయబడని స్త్రీకి గుంపు రక్షణము. సంస్కారమునుండి పుట్టిన ఈ పద్ధతిని గుంపన్న కారణమున మేము నిందింపజాలము.

అట్లయిన మా ఆక్షేపణ యేమి? యాత్ర మంచిది, దానిని మనము చేయు తీరు చెడ్డది. పోయివచ్చినవారితో మేము పలుమారు సంభాషించితిమి. పది దినములలో ఆరు దేశములు చూచితిమని చెప్పుదురు. ఏ కొండ యెదుట ఎంతసేపు నిలిచితిరని యడిగిన, బస్సు ఆగినంతసేపు అని ప్రత్యుత్తరము. ఆ సేపైనను కన్నులు కొండమీద లేవు. కొండను వీపు వెనుక పెట్టి, సెల్‌ఫోను ముఖము ముందు పెట్టి, తమ్ము తాము చూచుకొనిరి! పూర్వము మన ప్రజలు కొండకు నమస్కరించి ప్రదక్షిణము చేయువారు. అందు మూఢత్వముండినను ముఖము కొండవైపే యుండెడిది.

ఆ కొండలను వీ రెన్నుకొన్న కారణమేమని విచారించిన అది మరియు విచిత్రము. చలనచిత్రములలో నాయికానాయకులు మంచుమీద పాటలు పాడిరి గాన అచ్చట నిలువవలెను. టిట్లిసు శిఖరమున హిందీ చిత్రతారల నిలువెత్తు బొమ్మలు నిలిపిరి. ఇంటర్‌లాకెను పట్టణమున 2016లో హిందీచిత్ర నిర్మాత యశ్ చోప్రాకు విగ్రహము వెలసినది. యుంగ్‌ఫ్రౌయోకు కొండకనుమమీద మనదేశపు వంటలు వడ్డించు భోజనశాలయు ఏర్పడినది. ఇందులో స్విట్జర్లండువారి తప్పేమియు లేదు. మనము దేనికై వచ్చుచున్నామో వర్తకుడు కనిపెట్టి దానిని అమ్మినాడు. ఆ కనుమకు, 3,454 మీటర్ల యెత్తునకు, రైలుదారి 1896లో మొదలిడి 1912లో ముగించిరి. పర్వతగర్భమును తొలిచిన కూలీలలో అనేకులు ఇటలీనుండి వచ్చిన పేదలు. ప్రేలుళ్ళలో కొందరు ప్రాణములు గోలుపోయిరి. పైన వేడి అన్నము దొరికినదని మెచ్చుకొన్నవారు, క్రింద ఆ దారిని తొలిచినవా రెవరని అడుగలేదు. స్విట్జర్లండు హిమానీనదములు 2022, 2023 అను రెండు సంవత్సరములలోనే తమ ఘనపరిమాణమున పదింట నొకవంతు పోగొట్టుకొన్నవి. చూచుటకు పోయిన మంచు కంటియెదుట కరగుచుండ, దానిని గూర్చి ఒక్క ప్రశ్న వేయక మరలివచ్చుట యాత్ర యగునా?

యాత్ర యెట్లుండవలెనో మన తెలుగువానికి పరులు నేర్పనక్కరలేదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన మరలి వచ్చిరి. అదియు గుంపుయాత్రయే. బోయీలు, సేవకులు, స్త్రీలు, బంధువులు వెంట నుండిరి. కాని ఆయన దారిలోని ప్రతి మజిలీయొద్ద నీటివసతి యెట్టిది, దుకాణములున్నవా, జనులు ఏ భాష మాటాడుదురు, యాత్రికులవద్ద ఏ సుంకములు తీయుచున్నారు అని విచారించి స్నేహితుడైన కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్ళగారికి వ్రాయుచు వచ్చిరి. అది 1838లో కాశీయాత్రచరిత్ర యను పుస్తకమై, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారిచే మరల ప్రకటింపబడినది. ఆయన పుణ్యముకొరకే పోయిరి. కాని పుణ్యముతోపాటు దేశమును మూటగట్టి తెచ్చిరి. నేటి మన యాత్రికులు సంస్కృతము, ఇంగ్లీషు, గణితము, వైద్యము చదివినవారు. వారు తెచ్చునవి చాకొలేటు పొట్లములు, అయస్కాంతపు బిళ్ళలు, వేయి చాయాపటములు.

ఆ కొండలవద్ద చూడవలసినది మంచు మాత్రము కాదు. కొండను నిలిపిన ధర్మమొకటి కలదు. అదియే ప్రధానముగా చూడదగినది. అమెరికాలో 1864లో యోసెమిటీ లోయను ప్రజలకొరకు ప్రత్యేకించిరి. 1872 మార్చి 1వ తేదీన యెల్లోస్టోను ప్రదేశమును, ఎవ్వరును కొనరాదు, అమ్మరాదు, త్రవ్వరాదు, ఇది సర్వప్రజల సొత్తు అని శాసనము చేసిరి. అయితే శాసనము వ్రాసినంతమాత్రమున కొండ నిలువలేదు. మొదట కాపలాకు ధనమీయలేదు. వేటగాండ్రు విచ్చలవిడిగా చంపిరి. 1886లో సైన్యమును దింపవలసి వచ్చినది. అయినను 1902 నాటికి అచ్చటి అడవిదున్నలు ఇరువది ముప్పదికి దిగిపోయినవి. నేడు అవి వేలకొలదిగా నున్నవన్న, అది ప్రకృతి వరప్రసాదము కాదు. ఒక తరము మనుష్యులు పట్టుదలతో చేసిన పని. స్విట్జర్లండు జాతీయోద్యానము 1914లో ఏర్పడినది. అందు దారి తప్పి గడ్డిలో అడుగిడరాదు, పువ్వు కోయరాదు, కుక్కను త్రాటితో గట్టియైనను తేరాదు. మనవారు అచ్చట ఈ నియమములన్నియు బుద్ధిమంతులైన బాలురవలె పాటింతురు. ఎండుటాకునైన తీయరు, పొట్లపు కాగితమును జేబులో దాచుకొందురు. మన దేశమున దిగిన మరునాడు కోటప్పకొండ మెట్లమీద అదే చేతితో అదే కాగితమును విసరుదురు. ఆ నియమము వారి జేబులోనికి పోయినది గాని హృదయములోనికి పోలేదు.

ఇంతమాత్రమున ఆ దేశములన్నియు ధర్మరాజు కొలువులని మేము చెప్పుట లేదు. గుడ్డిగా నిందించుట యెట్టిదో గుడ్డిగా పొగడుట అట్టిదే. ఉద్యానములు వెలసిన ఆ లోయలలో అంతకుముందే మనుష్యులుండిరి. యోసెమిటీలోని అహ్వానీచీ జనులమీదికి 1851లో దండు నడిపి వారి గ్రామములు తగులబెట్టిరి. యెల్లోస్టోనులో తరతరములుగా తిరిగిన మూలవాసులను వెడలగొట్టిరి. సర్వప్రజల సొత్తని ప్రకటించిన తరువాతను నల్లవారు ఆ ప్రజలలో చేరలేదు. వర్జీనియాలోని షెనండోవా ఉద్యానములో 1939లో వారికి వేరుగా నొక స్థలము నిర్ణయించిరి. 1950 నాటికి ఆ భేదము తొలగించిరి. తెలివిగల యాత్రికుడు ఈ రెండు పుటలను చదువవలెను. ఎందుకన, మన నల్లమలలోను ఇదే ప్రశ్న కలదు. అచ్చటి అరణ్యము 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరినది. పులిని కాపాడవలెను, సందేహము లేదు. అడవిని పులికన్న ముందెరిగిన చెంచును ఏమి చేయవలెను? 2006నాటి అటవీ హక్కుల చట్టము కాగితముమీద ఒక సమాధానము చెప్పినది. అది చెంచుగూడెమునకు ఎంతవరకు చేరినదని విచారించు విద్యావంతులు మనలో ఎందరు?

కొండ సర్వజనులదను భావము మనకు సులభముగా వచ్చినది కాదు. మన కొండలన్నియు దేవుని కొండలు, దేవుడున్నచోట తలుపున్నది, తలుపున్నచోట కొందరు వెలుపల నిలువబడిరి. ఈ వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువగారు 1941లో గబ్బిలమును ప్రకటించిరి. అందు అంటరానివాడొకడు తన మొర కైలాసనాథునకు వినిపింపుమని గబ్బిలమును దూతగా పంపును. గుడిలోనికి గబ్బిలము పోవచ్చును, అతడు పోరాదు గనుక! కాళిదాసుని యక్షుడు మేఘమును పంపినది ప్రియురాలికొరకు. మన ఊరివాని పాత్ర గబ్బిలమును పంపినది న్యాయముకొరకు. మద్రాసు రాష్ట్రమున దేవాలయములను అందరికి తెరచు సమగ్రమైన శాసనము 1947లో గాని రాలేదు. ఈ చరిత్రగల ఊరినుండి పోయినవారు యెల్లోస్టోను ద్వారమున నిలిచి, ఇచ్చట కులమడుగక అందరిని రానిచ్చుచున్నారే యని తలపవలదా? తలచి, మరలివచ్చి, తమ వీధిలో ఇంకను మూసియున్న తలుపులను తట్టవలదా? అట్లు తట్టినచో వారి లక్షలు సార్థకములు.

ఇక మన కొండల మాట. దూరపు కొండలు నునుపని సామెత. అది కంటి భ్రమను గూర్చి చెప్పినది. నేడు దగ్గరి కొండలును నునుపగుచున్నవి. అది భ్రమ కాదు, యంత్రములపని. చీమకుర్తి నల్లరాయి ప్రపంచమంతట నేలలకు పరుపబడుచున్నదని గర్వించుచున్నాము. ఆ గోతులలో నిలిచిన నీటిని చూచుట లేదు. దారులకు కంకర కావలెను, ఇండ్లకు రాయి కావలెను. ఆ సంగతి మేమెరుగుదుము. కాని ఏ కొండను తొలువవచ్చును, ఏ కొండను తాకరాదు అని ఊరివారు కూర్చుండి ఎప్పుడైన నిర్ణయించిరా? ఆల్ప్సుపర్వతములలో ఒక పువ్వు కోయనివారు, తిరిగివచ్చి తమ గుట్టను కంకరకు కౌలిచ్చు కాగితముమీద చేవ్రాలు చేయుచున్నప్పుడు చేయి వణకకుండుట మాకు వింతగా నున్నది.

చూడదగినవి మనకు లేకపోలేదు. వినుకొండ స్టేషనులో నంద్యాల పోవు రైలెక్కిన కొన్ని గంటలలో గిద్దలూరు దాటి దిగువమెట్ట, గాజులపల్లెల నడుమ నల్లమల నడిబొడ్డున సాగిపోవచ్చును. ఆ కొండలలో పుట్టిన గుండ్లకమ్మయే కంభము చెరువును నింపుచున్నది. ఆ చెరువు కృష్ణదేవరాయల రాణియైన గజపతి రాజపుత్రిక కట్టించినదని ప్రసిద్ధి. మాచర్లవద్ద ఎత్తిపోతల కలదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు నీటిలో ఒక బౌద్ధనగరమే మునిగినది. త్రవ్వి తీసిన శిలలను కొండమీదికి చేర్చి 1966లో ప్రదర్శనశాల నిలిపిరి. ఆ నీరే కుడికాలువ వెంట మన పొలములకు వచ్చుచున్నది. ఆ నీరు త్రాగి పెరిగిన బాలురకు ఆ నాగార్జునకొండ పేరు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మాత్రమే తెలియును. బడిలో పాఠము చెప్పు మాకు ఇది దినదినమును కంటకమే.

స్త్రీలను గూర్చి వేరుగా చెప్పక తీరదు. ఈ యాత్రలలో పురుషుడు కొండకు పోవును. స్త్రీ వంటయింటిని పెట్టెలో సర్దుకొని కొండకు పోవును. ఆవకాయ, కందిపొడి, వడియములు, అన్నము వండు కరెంటు కుక్కరు ఆమె సంచిలోనివే. సూర్యోదయము చూచుటకు తక్కినవారు బయట నిలిచినపుడు ఆమె బసలో పులిహోర కలుపుచుండును. ఇంతకన్న కఠినమైనది మరియొకటి. అమెరికాలో కూతురికో కోడలికో పురుడని తల్లిని పిలిపింతురు. ఆరు మాసములు ఆ తల్లి భాష తెలియని వీధిలో, తలుపు మూసిన ఇంటిలో, పసిబిడ్డనెత్తుకొని కిటికీయొద్ద నిలిచియుండును. పోవుటకు ముందు ఒక్క దినము గ్రాండు క్యాన్యను చూపింతురు. ఆరునెలల చాకిరికి అది కూలియా? బిడ్డలమీద ప్రేమచే ఆమె అట్లనుకొనదు, అనుకొనవలసినది బిడ్డలు. 1863లో జెమీమా మారెల్ చేతిలో కలముండెను. 160 ఏండ్ల తరువాత మన గృహిణి చేతిలో గరిటె యున్నది. సంస్కరణమునుగూర్చి ఉపన్యసించువారు ఈ గరిటెను గూర్చి ఆలోచింతురు గాక.

కావున మా సలహాలు కొలదిగా మనవి చేయుచున్నాము. పోవువారు ఆరు దేశములకు మారుగా ఒక్క కొండను ఎన్నుకొని అచ్చట నాలుగు దినములు నిలిచి కాలినడకను తిరుగవలెను. పోవుటకు ముందు ఆ కొండనుగూర్చి ఒక పుస్తకమైన భార్యాభర్తలిరువురును చదువవలెను. ఆ దినములలో స్త్రీకి వంట వలదు. రొట్టె తినిన ఎవ్వరును చావరు. ఆమె ఒక నోటుపుస్తకము పట్టుకొని తాను చూచినది వ్రాయవలెను. మరలివచ్చిన మాసములోగా ఊరి బడిలోనో గ్రంథాలయములోనో ఒక సాయంకాలము ఆ వ్రాసినది చదివి వినిపింపవలెను. ఆ కొండను ఎవరు కాపాడుచున్నారు, ధనమెవరు ఇచ్చుచున్నారు, తప్పు చేసినవానికి శిక్ష యేమి అని బాలురడుగుదురు, చెప్పవలెను. తుదకు, విదేశపు కొండ నొకటి చూచినవారు మన కొండ నొకదానికి ఋణపడిరని తలచి, పదిమంది పేదబాలురను నల్లమలకు తీసికొనిపోవు దారివ్యయము భరింపవలెను. ఒక కుటుంబపు విమానపు కూలిలో ఇది చిల్లర.

చదువరులారా! ఋణపు సొమ్ముతో ఇరుగుపొరుగువారికి పోటీగా పోవువారితో మాకు మాట లేదు. వారికి వడ్డీవ్యాపారియే గురువు. చేతనైనవారు తప్పక పొండు. మంచుకొండ యెదుట నిలువుడు. కాని ఈసారి వీపు త్రిప్పకుడు. ఆ కొండ అట్లు నిలుచుటకు ఎవరు ఏమి వదలుకొనిరో, ఎవరిని వెడలగొట్టిరో, ఏ తప్పును ఎట్లు దిద్దుకొనిరో తెలిసికొనుడు. ఆ యెరుకను మన పల్నాటికి మోసికొని రండు. దానికి విమానములో బరువు లెక్కింపరు, సుంకము పుచ్చుకొనరు. అది తెచ్చినవారిని మన ఊరు యాత్రికులని పిలుచును. తేనివారిని సరకు వలె పోయి సరకు వలె వచ్చినవారనుటకు మేము వెనుదీయము.